పాకం, సున్నం, నవాసారం

జనవరి 11

ఊరి చివర గానుగ ఆడుతోంది. అనకాపల్లి చుట్టుపక్కల ఈ నెలంతా గాలికి బెల్లం వాసనే. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే ఒకే పెనంలో రెండు రకాల పనులు జరుగుతున్నాయని అర్థమవుతుంది. కంటికి కనిపించేది నీరు ఆవిరై పోవడం. చెరకు రసంలో నూటికి 80 పాళ్ళు నీరే. దాన్ని వదిలించడానికి పిప్పి మోపులకు మోపులు మండిపోతుంది. ఇది భౌతిక మార్పు. రెండోది కనిపించదు. సుక్రోజు అణువు వేడికీ పులుపుకీ లొంగి, ఒక నీటి అణువుని కలుపుకుని, గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు ముక్కలవుతుంది. ఇది రసాయన మార్పు. ఇది ఎంత ఎక్కువ జరిగితే బెల్లం అంత మెత్తబడుతుంది, దిమ్మ కట్టదు, వానలు పడగానే చెమ్మ పీల్చి కారుతుంది. నరికిన చెరకుని రెండు మూడు రోజులు ఎండలో పడేసి తర్వాత ఆడితే వచ్చే జిగురు బెల్లానికి కారణం ఇదే. పెనం ఎక్కకముందే సగం పని చెరకు గడలోనే జరిగిపోయి ఉంటుంది.

అందుకే సున్నం. రసం కాగేటప్పుడు సున్నపు తేట పోస్తారు. పులుపు విరుగుతుంది, సుక్రోజు విడిపోవడం తగ్గుతుంది, మలినాలు గడ్డకట్టి మడ్డిగా పైకి తేలతాయి. వాటిని జల్లెడ గరిటెతో తీసేస్తారు. ఎంత పోయాలో పెనం దగ్గర ఉన్న పెద్దాయన రంగు చూసి చెబుతాడు.

"తక్కువైతే దిమ్మ కట్టదు, ఎక్కువైతే నల్లబడిపోద్ది టీచరమ్మా."

ఈ ఒక్క మాటలో ఆమ్ల క్షారాల పాఠం మొత్తం ఉంది. ఆయన దగ్గర పీహెచ్ కాగితం లేదు. ముప్పై నలభై ఏళ్ళుగా మడ్డి రంగు చూసిన కన్ను ఉంది.

చూడ్డానికి తెల్లగా ఉంటే ధర ఎక్కువ పలుకుతుందని బెల్లంలో హైడ్రోస్ కలిపేవాళ్ళు ఉన్నారు. అది సోడియం హైడ్రోసల్ఫైట్. రంగునిచ్చే పదార్థాల నుంచి ఆక్సిజన్ లాగేసి వాటిని తాత్కాలికంగా వెలవెలబోయేలా చేస్తుంది. కొన్నాళ్ళకి గాలి తగిలి రంగు మళ్ళీ ముదురుతుంది, గంధకం మిగులు మాత్రం మన కడుపులోకి పోతుంది. బంగారు రంగు బెల్లం అడిగే కొనుగోలుదారు మారాలి. ముదురు రంగు బెల్లం పాడైన బెల్లం కాదు.

జనవరి 13

అరిసెల పాకం. అమ్మ పళ్ళెంలో నీళ్ళు పక్కన పెట్టుకుని చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి తీసి ఉండ అవుతుందేమో చూస్తుంది. నేను థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను. తీగ సాగినప్పుడు 105 చుట్టూ ఉంది. ఉండ కట్టినప్పుడు 115 దగ్గర.

నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందులో చక్కెర కరిగి ఉంటే మరిగే స్థానం పైకి జరుగుతుంది, చిక్కబడేకొద్దీ ఇంకా పైకి. కాబట్టి పాకం వేడి ఎంతుందో చూస్తే అందులో నీరు ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. 115 దగ్గర నూటికి 85 పాళ్ళ పైచిలుకు చక్కెరే ఉంటుంది. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం: ఇవన్నీ ఒకే ద్రావణం, నీటి పాళ్ళు మాత్రమే వేరు. మళ్ళీ నీళ్ళు పోస్తే ముదురుపాకం లేతపాకం అవుతుంది. అదే 160 దాటనిస్తే చక్కెర అణువులే విరిగి, అతుక్కుని, గోధుమరంగు చేదు పదార్థాలవుతాయి. అప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా వెనక్కి రాదు.

పాకంలో తడిబియ్యప్పిండి కలిపి నూనెలో వేశాక అరిసె పైపొరకి వచ్చే ఎరుపు ఇంకో కథ. చక్కెరలు, ప్రోటీన్ల ముక్కలు వేడిలో కలిసి పుట్టించే రంగు, వాసన అది. ఫ్రెంచి రసాయనవేత్త మెయ్యార్ 1912లో దీన్ని వివరించాడు. అరిసెల చెక్కతో నూనె ఒత్తేస్తూ అమ్మ అన్నది: "మాడ్చకుండా ఎర్రబడనివ్వాలి, అంతే." రంగు రావడానికీ మాడడానికీ మధ్య ఉన్నది ఒక నిమిషం.

జనవరి 14

భోగి. మంట ఆరాక గుప్పెడు బూడిద. చిన్నప్పుడు అందరికీ వచ్చే అనుమానమే, అంత దుంగ ఎక్కడికి పోయిందని. లెక్క ఇలా ఉంటుంది. ఎండిన కట్టెలో దాదాపు సగం కార్బన్. కిలో కట్టె పూర్తిగా కాలితే కిలోముప్పావుకి పైగా కార్బన్ డయాక్సైడ్, అర కిలో దాకా నీటి ఆవిరి పుడతాయి. రెండూ కలిపితే కట్టె బరువుకి రెట్టింపు దాటింది. ఆ మిగతా బరువు గాలిలోని ఆక్సిజన్‌ది. కట్టె తగ్గిపోలేదు, గాలిని కలుపుకుని పెరిగి వెళ్ళిపోయింది. 18వ శతాబ్దంలో లవోజియే తక్కెడ పట్టుకుని, పాత్రల మూతులు మూసి తూచిన తర్వాతే ప్రపంచానికి ఈ లెక్క నమ్మకంగా కుదిరింది. మూత తీసి ఉంచిన పాత్రతో ఈ సత్యం దొరికేది కాదు.

జనవరి 21

సెలవుల తర్వాత మొదటి పాఠం. పిల్లల నోటు పుస్తకాలన్నిట్లో ఒకటే వాక్యం: భౌతిక మార్పు తాత్కాలికం, రసాయన మార్పు శాశ్వతం. గైడులో అలాగే ఉంది, ట్యూషన్లో అలాగే చెప్పారు, పరీక్షలో అలా రాస్తే మార్కు పడుతుంది. ఈ వాక్యం మీద నాకు చాలాకాలంగా కోపం.

భోగి కట్టెని గొడ్డలితో చీల్చారు. చీలిన కట్టె మళ్ళీ అతుక్కుంటుందా? అతుక్కోదు. కొత్త పదార్థం ఏమైనా పుట్టిందా? పుట్టలేదు. శాశ్వతమైన భౌతిక మార్పు కళ్ళెదుట ఉండగా ఆ వాక్యం ఎలా నిలుస్తుంది? బియ్యం పిండి పట్టించడం, కొబ్బరి తురమడం, గాజు పగలడం, అన్నీ అంతే. రెండో సగం కూడా నిలవదని చూపించే ఉదాహరణలు పోగేయాలి. ఈ ఏడు ఈ నోటుబుక్కు దానికే.

ఫిబ్రవరి 9

మేనకోడలి పెళ్ళి. హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు. గ్లాసుడు నీళ్ళలో పసుపు వేస్తే పసుపే. గోరంత సున్నం కలిపితే రక్తంలాంటి ఎరుపు. పెళ్ళికూతురి పాదాలకి పారాణి కూడా ఇదే జోడీ. పసుపులోని కుర్కుమిన్ అణువు క్షారంలో తన హైడ్రోజన్‌ని వదులుకుంటుంది. వదలగానే అది కాంతిని పీల్చే తీరు మారిపోయి ఎర్రగా కనిపిస్తుంది. కొత్త అయాను, కొత్త రంగు. రసాయన మార్పే, సందేహం లేదు.

దిష్టి తీసి పారబోయకముందే చిన్న గ్లాసులోకి కొంచెం తీసుకుని నిమ్మచెక్క పిండాను. క్షణంలో మళ్ళీ పసుపు. చిటికెడు సున్నంతో మళ్ళీ ఎరుపు. పెళ్ళికొచ్చిన పిల్లలు చుట్టూ మూగి "ఇంకోసారి అత్తా, ఇంకోసారి" అంటూ నిమ్మకాయలన్నీ తెచ్చేశారు. ఎన్నిసార్లయినా వెనక్కీ ముందుకీ తిరుగుతున్న ఈ రసాయన మార్పుని ఏ నోటు పుస్తకంలో రాసుకుంటారు?

ఫిబ్రవరి 10

నిన్నటి ఎర్రనీళ్ళు గ్లాసులో రాత్రంతా ఉన్నాయి. రంగు మాసింది. నిమ్మరసం పిండితే నిన్నటి పసుపు రాలేదు. క్షారంలో ఎక్కువసేపు ఉంటే కుర్కుమిన్ అణువే మధ్యలో విరిగి చిన్న ముక్కలవుతుంది. ఆ ముక్కలకి పసుపూ లేదు, ఎరుపూ లేదు. ఒకే గ్లాసులో, అవే రెండు పదార్థాలతో, వెంటనే అయితే వెనక్కి వచ్చే మార్పు, తెల్లారితే రానిది. తేడా చేసింది కాలం.

పాతకాలపు కుంకుమ గురించి కూడా ఇక్కడే రాసుకోవాలి. మా నాయనమ్మ పసుపు కొమ్ములకి వెలిగారం, నిమ్మరసం పట్టించి ఆరబెట్టి దంచేది. నిమ్మరసం ఉండగానే ఎరుపెలా వచ్చింది? వెలిగారంలో బోరాన్ ఉంది. పులుపులో అది కుర్కుమిన్‌ని గట్టిగా పట్టుకుని వేరే ఎర్రటి సమ్మేళనం కడుతుంది. అందుకే ఆ కుంకుమ మీద నిమ్మరసం పడినా పసుపుగా తిరగదు. పారాణి ఎరుపూ కుంకుమ ఎరుపూ చూపుకి దగ్గరివే, పుట్టుక వేరు.

ఫిబ్రవరి 12

పెళ్ళి పట్టుచీర కొంగుకి పసుపు మరక. సబ్బు పెట్టగానే ఎర్రబడింది, అక్క కంగారుపడింది. జాడిస్తే పోతుంది, సబ్బులోని క్షారం అంతే. పసుపు మరకకి మంచి మందు ఎండ. కాంతి ఆ అణువుని చీల్చేస్తుంది. పట్టుని మాత్రం అంతసేపు ఎండలో ఉంచకూడదు, నూలు బట్టయితే నిశ్చింతగా ఆరేయొచ్చు.

మార్చి 6

కొత్త ఇంటికి వెల్లవేయడానికి కాల్చిన సున్నపురాయి విరగబోశారు. నీళ్ళు చల్లగానే సుయ్‌మని పొంగి, పగిలి, ఆవిర్లు చిమ్మి, రాయి పిండైంది. గుంట దగ్గరికి పిల్లల్ని రానివ్వకూడదు. ఆ నీళ్ళు మరిగేంత వేడెక్కుతాయి, కంట్లో పడితే చూపు పోతుంది.

ఆ వేడి ఎక్కడిది? బట్టీలో పెట్టిన వేడే. సున్నపురాయి గానీ ఆల్చిప్పలు గానీ 900 డిగ్రీల దగ్గర కాల్చితే కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తాయి. 100 కిలోల స్వచ్ఛమైన రాయి కాల్చితే 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది, 44 కిలోలు వాయువై పోతుంది. బట్టీ నుంచి దింపిన రాయిని ఎత్తి చూస్తే చేతికే తెలుస్తుంది, ఆకారం అదే, బరువు దాదాపు సగం. నీళ్ళు కలిపితే 56కి 18 చేరి 74 కిలోల తడిసున్నం. ఆ తడిసున్నాన్ని గోడకి పూస్తే గాలిలోంచి మెల్లగా కార్బన్ డయాక్సైడ్ తీసుకుని, నీటిని వదిలేసి, తిరిగి 100 కిలోల సున్నపురాయి. బయల్దేరిన చోటికే వచ్చింది.

మూడు మార్పులూ రసాయన మార్పులే, కలిపి చూస్తే పూర్తి చక్రం. ఫిబ్రవరిలో పసుపు, మార్చిలో సున్నం. శాశ్వతం అన్న మాట నిలవడానికి చోటు లేదు.

ఈ 44 కిలోలు గాలేనని, ఆ గాలి రాయిలో బంధించి ఉందని మొదట తూచి చూపించినవాడు స్కాట్లండు వైద్యుడు జోసెఫ్ బ్లాక్. 1756లో అచ్చయిన ఆయన పరిశోధన మొదలైంది మూత్రాశయంలో రాళ్ళని కరిగించే మందు కోసం. దొరికింది ఒక కొత్త వాయువు. అప్పటిదాకా గాలి అంటే ఒకటే గాలి అనుకునేవారు.

మార్చి 7

సున్నం రాయిగా మారడం పైనుంచి లోపలికి నడుస్తుంది, అదీ నత్తనడక. మందపాటి గోడల నడుమ అది తాపీగా సాగుతూనే ఉంటుంది. 1591 నాటి చార్మినార్ రాళ్ళ మధ్యా పైనా ఉన్నది సున్నమే. దాన్ని బాగు చేయాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ డంగు సున్నమే వాడతారు, గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి. సిమెంటు వేస్తే పాతగోడ ఊపిరాడక చెమ్మపట్టి చెడుతుంది.

మార్చి 8

నిన్న రాసినదానికి ఒక చేదు తోక ఉంది.

మా వీధిలో సముద్రపు గాలి తగిలే పాత స్లాబుల కింద పెచ్చులు ఊడుతున్నాయి. లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉబ్బాయి. ఇనుము తుప్పయితే రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి. ఆ ఒత్తిడికి కాంక్రీటు చిట్లుతుంది. మరి మొదట్లో తుప్పెందుకు పట్టలేదు? సిమెంటు గట్టిపడేటప్పుడు సున్నం పుడుతుంది. దాంతో కాంక్రీటు లోపల పీహెచ్ 12 పైనే ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద పలుచటి రక్షణ పొర ఏర్పడి తుప్పుని ఆపుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి నడిచి సున్నాన్ని సున్నపురాయిగా మార్చేకొద్దీ క్షారం తగ్గిపోతుంది. 9 దాకా దిగితే పొర పోతుంది. తర్వాత చెమ్మా ఆక్సిజనూ చాలు. ఉప్పు గాలి, ఉప్పు ఇసుక తోడైతే ఇంకా త్వరగా.

వెల్లగోడకి బలమిచ్చే మార్పే స్లాబుకి చావు తెస్తోంది. మార్పు మంచిదా చెడ్డదా అని దానంతటదిగా చెప్పలేం, పక్కన ఏముందో చూడాలి.

ఇంజనీరు వచ్చి ఊడిన చోట ఫినాఫ్తలీన్ చల్లి చూపించాడు. లోపలి భాగం గులాబీరంగు తిరిగింది, పైనుంచి రెండు వేళ్ళ మందం రంగే రాలేదు. ఆ రెండు వేళ్ళ మేర సున్నం చచ్చిపోయిందన్నమాట. హారతి పళ్ళెంలో పసుపు చేసే పని స్లాబు మీద ఫినాఫ్తలీన్ చేస్తోంది.

ఏప్రిల్ 22

కడప నుంచి తెచ్చిన కుండ ఇక్కడ అంత చల్లబరచడం లేదని తమ్ముడి ఫిర్యాదు. కుండలో లోపం లేదు. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు పైన ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. ఈ ఎండలకి ఒక గ్రాము నీరు ఆవిరవాలంటే దాదాపు 580 క్యాలరీలు కావాలి. అంటే ఒక్క గ్రాము పోతే 58 గ్రాముల నీరు 10 డిగ్రీలు చల్లబడినట్టు. కడప గాలి పొడి, నీటిని గటగటా తాగుతుంది. మన తీరపు గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది. కుండని నీడలో, గాలి ఆడే చోట, ఇసుక మీద పెట్టమన్నాను.

మే 5

టెక్కలి వెళ్ళే దారిలో నౌపడ ఉప్పు మడులు. ఎండ పేలిపోతోంది, ఉప్పు తీసేవాళ్ళకి అదే పని రోజు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు. అందులో మనం తినే ఉప్పు నాలుగింట మూడొంతుల పైన. మిగతాది వేరే. అన్నీ ఒకేసారి పేరవు. ముందు సున్నపురాయి, తర్వాత జిప్సం దిగుతాయి. నీరు ఇంకా చిక్కబడి బామే కొలతలో 25 డిగ్రీల దగ్గరికొచ్చాక అసలు ఉప్పు రాలడం మొదలవుతుంది. 30 దాకా పోనిస్తే మెగ్నీషియం లవణాలూ వస్తాయి, ఉప్పు చేదెక్కుతుంది. అందుకే ఆ చేదునీటిని ముందే వదిలేస్తారు. ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నీటిని నడిపించడం అంటే ఒక్కో లవణాన్ని దాని కరిగే గుణాన్నిబట్టి ఒక్కోచోట దింపేసి రావడం.

ఇదంతా భౌతిక మార్పే. పుట్టినదేమీ లేదు, ఉన్నవి విడిపడ్డాయి. కానీ రైలు కిటికీలోంచి చూసే తెల్లటి కుప్పల వెనక ఉన్న నైపుణ్యానికి ఆ మాట చాలదు. పగిలిన పాదాలతో, ఉప్పు కాటుతో, మధ్యాహ్నపు ఎండలో పారతో లాగే ఆడవాళ్ళకి వచ్చే కూలి ఆ నైపుణ్యానికి తగినది కాదు.

మే 19

ఏటికొప్పాక. తిరిగే అంకుడు కర్ర మీద లక్క పుల్ల ఆనించి పట్టుకున్నారు. రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్ర మీద పరుచుకుంది, మొగలి ఆకు ఒత్తితే మెరుపు వచ్చింది. చల్లారితే గట్టి, వేడెక్కితే మెత్తన. అయితే లక్కని మరీ ఎక్కువసేపు వేడి మీద ఉంచితే దాని అణువులు ఒకదానికొకటి కట్టుకుపోతాయి, ఆ తర్వాత ఎంత కాచినా మెత్తబడదు. అరిసెల పాకం లాగే ఇదీ భౌతిక, రసాయన మార్పుల మధ్య గీత ఇవతల నుంచి అవతలికి దాటేది.

జూన్ 12

తొలకరికి ముందు కొడవళ్ళు బాగుచేయించే రద్దీ. ఆచారిగారి కొలిమి. తిత్తి స్థానంలో ఇప్పుడు కరెంటు బ్లోయరు, మిగతావన్నీ పాతవే: దాగలి, సమ్మెట, పట్టకారు, పక్కన నీళ్ళ తొట్టి. కత్తులకి వాడేది పాత లారీ కమాను పట్టీల ఉక్కు.

"ఆచారిగారూ, ఒకసారి అయస్కాంతం పెట్టి చూడొచ్చా?"

"చూడండమ్మా, కానీ దూరం నుంచి."

బాగా ఎర్రబడిన ఉక్కుకి అయస్కాంతం అంటలేదు. చల్లారాక అంటింది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకునే గుణాన్ని వదిలేస్తుంది. ఆ దరిదాపుల్లోనే ఉక్కులో పరమాణువుల అమరిక కూడా మారుతుంది, కార్బన్ ఇనుములో పూర్తిగా ఇమిడిపోతుంది. ఆ సమయంలో నీళ్ళలో ముంచితే, కార్బన్ బయటపడే వ్యవధి లేక ఇరుక్కుపోయి, అమరిక వంకర తిరిగి, ఉక్కు గాజులా గట్టిపడుతుంది. ఆకురాయి పెడితే జారిపోయింది. మెల్లగా చల్లారనిచ్చిన ముక్క మీద అదే ఆకురాయి కసకసా దిగింది.

ఈ రెండు ముక్కలూ ఒకే పట్టీలోవి. ఇనుము అంతే, కార్బన్ అంతే, ఏదీ చేరలేదు, ఏదీ పోలేదు. గుణం మాత్రం ఎక్కడికెక్కడికో పోయింది. పదార్థం మారలేదంటే ఒకటి వంగుతుంది, ఒకటి విరుగుతుంది. మారిందంటే తూచినా విడదీసినా అవే పాళ్ళు. నోటు పుస్తకాల్లోని రెండు గడుల్లో దీన్ని ఏ గడిలో వేయాలి? నా మటుకు నాకు ఇక్కడ గడి ముఖ్యం కాదు. పరమాణువులు ఏవో తెలిస్తే చాలదు, అవి ఎలా నిలబడ్డాయో కూడా తెలియాలని పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ముంచిన కొడవలి అలాగే వాడితే విరుగుతుంది. మళ్ళీ కొంచెం వేడి చేయాలి. ఆచారిగారు అంచుని రుద్ది తెల్లగా చేసి నిప్పుల మీద పట్టారు. పలుచగా గడ్డిరంగు పాకింది, తర్వాత గోధుమ, ఊదా, నీలం.

"గడ్డిరంగు మీద ఆపితే పదును నిలుస్తాది. నీలం దాకా పోతే పదును పోతాది, విరగదు."

220 డిగ్రీల దగ్గర గడ్డిరంగు, 300 దగ్గర నీలం. ఆ రంగులు ఉక్కువి కావు, పైన పుడుతున్న సన్నటి ఆక్సైడు పొరవి. పొర మందం పెరిగేకొద్దీ రంగు మారుతుంది. అంటే లోపల జరుగుతున్న అమరిక మార్పుని, పైన జరుగుతున్న రసాయన మార్పుని గడియారంగా పెట్టుకుని కొలుస్తున్నారు. ఈ మాట ఆచారిగారికి చెప్పాను. "మా నాన్న కూడా రంగే చూసేవోడమ్మా" అన్నారు.

జూన్ 13

నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళి కత్తులైంది. ఇనుము, బొగ్గు కలిపి మట్టి మూసలో బిగించి గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చేవారు. నూటికి ఒకటిన్నర పాళ్ళ చుట్టూ కార్బన్. ఆ రకం ఉక్కుని 1819లో లండన్‌లో విశ్లేషించినవాడు మైకేల్ ఫారడే, స్వయంగా కమ్మరి కొడుకు. అందులోని మట్టి ధాతువుల వల్లే ఆ గుణం వచ్చిందని ఆయన భావించాడు. కార్బన్ పాళ్ళూ, చల్లార్చే తీరూ కలిసి చేసిన పని అని తర్వాతివాళ్ళు తేల్చారు. కోనసముద్రం కమ్మరుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

జూలై 4

వానలు. కల్లుప్పు జాడీ అడుగున నీళ్ళు. తప్పు ఉప్పుది కాదు, దానికంటుకుని వచ్చిన మెగ్నీషియం క్లోరైడుది. స్వచ్ఛమైన ఉప్పు గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే గానీ కరగదు. మెగ్నీషియం క్లోరైడుకి 33 చాలు. నౌపడలో వదిలేయాల్సిన చేదునీరు కొంత మన జాడీ దాకా వచ్చిందన్నమాట.

జూలై 16

బాబాయి తోటలో కొబ్బరి మొవ్వులకి బోర్డో మిశ్రమం. కిలో మైలతుత్తం (కాపర్ సల్ఫేటు), కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. రెంటినీ వేర్వేరుగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలిపి అప్పుడు జోడించాలి. ఇనుప పాత్ర పనికిరాదు.

మైలతుత్తం పలుకులు కొన్ని ఇంటికి తెచ్చి గరిటెలో కాల్చాను. నీలం పోయి తెల్ల పిండి మిగిలింది. ఒక్క చుక్క నీరు వేస్తే చుర్రుమని వేడెక్కి నీలం తిరిగొచ్చింది. ఆ నీలపు పలుకు బరువులో నూటికి 36 పాళ్ళు నీరే. పట్టుకుంటే పొడిగా ఉంటుంది, తడి అంతా స్ఫటికం కట్టులో ఉంది.

బాబాయి పరీక్ష నాకు ఇంకా నచ్చింది. కలిపిన మందులో కొడవలి మొన ముంచి తీస్తాడు. ఎర్రటి పూత అంటితే సున్నం చాలలేదని లెక్క, ఇంకాస్త పోస్తాడు. విడిగా మిగిలిన రాగి ఇనుము మీద దిగి, ఆ మేరకు ఇనుము కరిగి నీళ్ళలోకి పోతుంది. ఆ విడి రాగి ఉండగా కొడితే ఆకులు మాడతాయి.

"ఎవరు నేర్పారు బాబాయ్?"

"మా తాత. ఆయనకెవరు నేర్పారో."

ఫ్రాన్సులో మియార్దే ద్రాక్షతోటల కోసం ఈ మందుని 1885లో లోకానికి చెప్పాడు. గోదావరి కొబ్బరి దాకా వచ్చి ఇక్కడి రైతు చేతి అలవాటైంది.

ఆగస్టు 3

అమ్మ పాత ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టించాలని పట్టుబట్టింది. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే చింతపండు పులుపు రాగిని కరిగిస్తుంది, చిలుము కడుపులోకి పోతుంది. వేసేవాళ్ళు అరుదైపోయారు. ఒకాయన దొరికాడు.

గిన్నెని బోర్లించి కాచి, లోపల తగరం ముక్క తగిలించాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కానీ అది ఇత్తడిని పట్టుకోవాలంటే పైన ఆక్సైడు మురికి ఉండకూడదు. చిటికెడు నవాసారం పొడి చల్లి దూదితో రుద్దాడు. గుప్పున తెల్లటి పొగ, ఘాటు. ఆ దూదికి లోహం వెండిలా మెరుస్తూ వెంటపడి పరుచుకుంది.

నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడు. పాఠ్యపుస్తకంలో ఉత్పతనానికి ఉదాహరణలు కర్పూరం, నవాసారం పక్కపక్కనే ఉంటాయి. రెండూ ద్రవం కాకుండానే తెల్లగా ఆవిరై, చల్లటి చోట మళ్ళీ తెల్లగా పేరుకుంటాయి. చూపుకి కవలలు. కానీ కర్పూరం ఆవిరిలో ఉన్నది కర్పూరమే. నవాసారం వేడికి అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోతుంది. చల్లబడగానే రెండూ మళ్ళీ కలుస్తాయి. గిన్నె మీది మురికిని తినేసింది ఆ విడిపోయిన క్షణంలోని ఆమ్లమే. విడిపోకపోతే కళాయి అంటేదే కాదు.

ఇది వాదన కాదు, చేసి చూపించిన సంగతి. 1862లో పెబాల్ అనే రసాయనవేత్త నవాసారం ఆవిరిని రాతినార అడ్డం గుండా పోనిచ్చాడు. అమ్మోనియా అణుభారం 17, హైడ్రోజన్ క్లోరైడుది ముప్పైఆరున్నర. తేలికది ముందు దాటుతుంది. అవతల క్షారం, ఇవతల ఆమ్లం తేలాయి.

ఆగస్టు 8

పెబాల్ పని తరగతిలో చేశాం. పరీక్షనాళిక అడుగున నవాసారం, మధ్యలో గాజుదూది, దూదికి పైన తడిపిన ఎర్ర లిట్మస్, కింద తడిపిన నీలి లిట్మస్. కిటికీలన్నీ తెరిచి, నేనే పట్టుకుని వేడిచేశాను. ముందుగా పై కాగితం నీలమైంది. కాసేపటికి కింది కాగితం ఎర్రబడింది. నాళిక మెడ దగ్గర చల్లటి గాజు మీద తెల్లటి పొర పేరుకుంది, మళ్ళీ నవాసారం.

వెనక బల్లలో ఎప్పుడూ మాట్లాడని పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, అది విడిపోయి మళ్ళీ కలిసిందంటే రసాయన మార్పే కదా? వెనక్కి వచ్చింది కూడా కదా?"

"అవునమ్మా."

"అయితే కర్పూరానికి కూడా కాగితాలు పెట్టి చూడాలి కదా టీచర్. అది విడిపోదని మీరు చెప్పారు, మేం చూడలేదు."

కర్పూరానికి మంట చూపించకూడదు. ఇంకో నాళికలో బిళ్ళ వేసి, అలాగే దూది, అవే రెండు రకాల కాగితాలు పెట్టి మరిగే నీళ్ళలో నిలబెట్టాం. గంట కొట్టేదాకా ఆగాం. దూదికి పైన, చల్లటి గాజు మీద తెల్ల పలుకులు వచ్చాయి, వాసన చూసి అందరూ కర్పూరమే అన్నారు. రెండు కాగితాల రంగూ మారలేదు. ఆ పిల్లనే బోర్డు మీద రెండు ఫలితాలూ రాయమన్నాను.

రాసింది. కింద తనంతట తానే ఇంకో ప్రశ్న రాసి కూర్చుంది: అయొడిన్‌కి ఏమవుతుంది?

ప్రయోగశాల బీరువాలో సీసా ఉంది. సోమవారం చేస్తాం.